చెక్కు చెల్లకపోతే జైలా?

షావుకారు: వకీలు గారూ, చెక్కు బౌన్సు కేసుల్లో జైలు శిక్ష ఎత్తేయాలంటున్నారు మీరు. నాకది మింగుడుపడటం లేదు. సరుకు కావాల్సినప్పుడు బతిమాలి అరువు పెట్టించుకుంటారు. బాకీ అడిగితే చెక్కు రాసిస్తారు. దాన్ని బ్యాంకులో వేస్తే ఖాతాలో డబ్బు లేదని ఓ చీటీ జతచేసి తిప్పి పంపుతారు. తన ఖాతాలో ఏముందో సంతకం పెట్టినవాడికి తెలియదా? ఇది మోసం కాదా? మోసానికి జైలు ఉండొద్దా?

వకీలు: మోసానికి ఉండాల్సిందే, ఉంది కూడా. ఎగ్గొట్టాలనే ఉద్దేశంతో సరుకు లాగేసినవాడి మీద మోసం కేసు పెట్టుకోవచ్చు. దానికి వేరే సెక్షనుంది. చెక్కు బౌన్సులకు వాడే 138వ సెక్షను సంగతి అది కాదు షావుకారు గారూ. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 1881లో వచ్చింది. ఆ తర్వాత వందేళ్లకు పైగా చెక్కు చెల్లకపోవడం దాని కింద నేరం కాదు. 1988లో సవరించి, 1989 ఏప్రిల్ 1 నుంచి నేరం చేశారు. మొదట్లో ఏడాది దాకా ఉన్న జైలు శిక్షను 2002 సవరణతో రెండేళ్ల దాకా పెంచారు. జరిమానా చెక్కు మొత్తానికి రెట్టింపు వరకూ వేయొచ్చు. ఇంత శిక్ష ఉన్న నేరంలో ముద్దాయి ఉద్దేశంతో పనే లేదు. చెక్కు తిరిగొస్తుందని అనుకోలేదంటే అది సమాధానం కాదని 140వ సెక్షను తేల్చేసింది. పంట పోయి కట్టలేకపోయాడా, పెట్టెలో పెట్టుకుని ఎగ్గొట్టాడా అన్నది ఆ చట్టానికి అక్కర్లేదు. నా అభ్యంతరమల్లా అక్కడే.

షావుకారు: అక్కర్లేదని ఎందుకంటారు? చెక్కు తిరిగొచ్చిన మర్నాడే ఎవర్నీ లోపలెయ్యరుగా. బ్యాంకు నుంచి కబురు అందిన 30 రోజుల్లో నేను నోటీసు పంపాలి. అది అందాక ఆయనకు 15 రోజులు గడువు. ఆ లోపు కట్టేస్తే కేసే లేదు. నోటీసు తీసుకోకుండా, ఇంటికి తాళం వేసి ఉందని పోస్టుమాన్‌తో రాయించి పంపినా, ఆయనకు మరో దారి ఉంది. నోటీసు అందలేదనేవాడు కోర్టు సమన్లు అందిన 15 రోజుల్లో కట్టి బయటపడొచ్చని 2007లో సుప్రీం కోర్టు చెప్పింది. నాకు మాత్రం ఆ వెసులుబాటు లేదు. నోటీసుకు ఒక్కరోజు దాటిందంటే, చెక్కుకు మూణ్ణెల్ల గడువు మిగిలుంటే మళ్లీ బ్యాంకులో వేసుకోవాలి. లేదంటే ఆ కేసు పోయినట్టే. అప్పు తీసుకున్నవాడికి ఇన్ని తలుపులు తెరిచిపెట్టిన చట్టాన్ని కఠినమైనదంటారేమిటి?

వకీలు: కట్టగలిగినవాడికి 15 రోజులు ఎక్కువ. కట్టలేనివాడికి 15 నెలలిచ్చినా చాలదు. ఇద్దరికీ ఒకే గడువిచ్చి, అది దాటాక ఇద్దర్నీ ఒకే బోనులో నిలబెడితే న్యాయమెలా అవుతుంది? సివిల్ కోర్టు చూడండి. అక్కడా బాకీకి జైలుంది. డిక్రీ అయ్యాక దాని అమలుకు ఈపీ వేసి అరెస్టు అడగొచ్చు, మూణ్ణెల్ల దాకా పెట్టించొచ్చు. కానీ 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ గీత గీశారు. డబ్బు లేనంత మాత్రాన జైల్లో పెట్టకూడదు, ఉండి కూడా కట్టకుండా దురుద్దేశంతో తిప్పుకుంటున్నాడని తేలాలి. డబ్బు డిక్రీ కింద ఆడవాళ్లను అరెస్టు చేయడానికే వీల్లేదు. పైగా సివిల్ జైల్లో పెట్టించినవాడే ఖైదీ తిండి ఖర్చు కోర్టులో కట్టాలి. నిజంగా లోపల పెట్టించాలా అని ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడన్నమాట. అదే బాకీకి ఒక చెక్కు జతచేస్తే ఈ జాగ్రత్తలన్నీ గాలికి పోతాయి.

షావుకారు: పుస్తకంలో బాగానే ఉంది. ఆ సివిల్ కోర్టుకు వెళ్లినవాడి గతేమిటో కూడా చెప్పండి. దావా వేయాలంటే మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు ముందే కట్టాలి. పోయిన డబ్బు వెనక ఇంకొంత పోయాలన్నమాట. వాయిదాల మీద వాయిదాలు నడిచి డిక్రీ వస్తుంది. వచ్చిందని సంబరపడితే, అది కాగితమే. ఈపీ వేస్తే ఆయన ఆస్తులేమిటో నేనే వెతికి చూపించాలి. అప్పటికి ఇల్లు భార్య పేర, పొలం బావమరిది పేర మారిపోయి ఉంటాయి. అది దొంగ బదిలీ అని నిరూపించడానికి ఇంకో దావా. మిగిలినవాటిని ముట్టుకోనివ్వరు. వంటసామాను, పడకసామాను జప్తు చేయకూడదు. చేతివృత్తివాళ్ల పనిముట్లు, రైతు ఎడ్లు, విత్తనాలు, ఉంటున్న ఇల్లు వద్దు. జీతంలో మొదటి వెయ్యీ, మిగిలినదాంట్లో మూడింట రెండొంతులూ వద్దు.

వకీలు: ఆ మినహాయింపులు కూడా తప్పంటారా?

షావుకారు: అనను. ఒకరి మెడలో సూత్రాలు తెంపుకుని నా బాకీ తీర్చుకోవాలని నాకేం లేదు. కానీ ఆ జాబితా చాటున దాక్కునేవాళ్లు ఎవరో మీకు నాకంటే బాగా తెలుసు. ఇక అందరికంటే తెలివైనవాడు ఐపీ పెడతాడు. 1920 నాటి దివాలా చట్టం, అయిదొందల రూపాయల అప్పుంటే చాలు పిటిషన్ వేయొచ్చు. అప్పులవాళ్లందరి పేర్లూ వరసగా రాసి, నోటీసులు పంపి, తను మాత్రం పక్క ఊళ్లో వేరే పేరుతో కొట్టు తెరుస్తాడు. మా ఊళ్లల్లో ఫలానావాడు ఐపీ పెట్టాడంటే దాని అర్థం పసిపిల్లలకు కూడా తెలుసు. క్రిమినల్ కేసుకు మాత్రం వాడు భయపడతాడు. ఆ భయం ఒక్కటే మాకు మిగిలిన ఆయుధం.

వకీలు: దీన్ని కాదనలేను. దాచడమెందుకు, బాకీ రాని మనిషి నా దగ్గరకొస్తే నేనూ ముందు చెక్కుందా అనే అడుగుతాను. ఉంటే 138 వేద్దామంటాను, లేకపోతేనే దావా సంగతి. సివిల్ కోర్టు వసూలు చేసిపెట్టలేదు కనక క్రిమినల్ కోర్టును వసూళ్ల కౌంటరుగా మార్చాం. దాని ఫలితం కూడా చూడండి. 138 కేసుల్ని ఆర్నెల్లలో ముగించడానికి ప్రయత్నించాలని చట్టంలోనే రాసుంది. 2019 డిసెంబరు ఆఖరుకు దేశంలో పెండింగులో ఉన్న క్రిమినల్ కేసులు 2.31 కోట్లు, వాటిలో 35.16 లక్షలు చెక్కు కేసులేనని సుప్రీం కోర్టు ముందు లెక్క తేలింది. 2022లో అయిదు రాష్ట్రాల్లో ప్రయోగంగా ప్రత్యేక కోర్టులు పెట్టమన్నారు, వాటిలో మన రెండు రాష్ట్రాలూ లేవు. మీరు సివిల్ కోర్టు ఆలస్యం తప్పించుకుందామని ఇటొస్తే, ఆలస్యం మీతోపాటే ఇక్కడికీ వచ్చింది. దొమ్మీలు, కొట్లాటల కేసులు వినాల్సిన మేజిస్ట్రేట్ మీ ఖాతా పుస్తకం ముందేసుకుని కూర్చుంటున్నారు.

షావుకారు: ఆలస్యమైనా, మధ్యలో కదలిక ఉంటుందండీ. దావాలో ప్రతివాది రాకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ చేతికొస్తుంది, డబ్బు రాదు. ఇక్కడ ముద్దాయి రాకపోతే వారంటు వెళుతుంది. వారంటు పట్టుకుని కానిస్టేబులు గుమ్మం ముందు నిలబడ్డ రోజున, అంతదాకా ఫోనెత్తనివాడు తనే ఫోన్ చేసి ‘కూర్చుని మాట్లాడుకుందాం’ అంటాడు. లోక్ అదాలత్‌లో అసలు కట్టి, వడ్డీలో కొంత తగ్గించమని అడుగుతాడు. నేనూ తగ్గిస్తాను. నాకు ఆయన్ని జైల్లో చూడాలని లేదు, నా డబ్బు నాకు రావాలి. జైలు పేరు వినబడితే చాలు.

వకీలు: ఆ డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో ఎప్పుడైనా అడిగారా? నేను కోర్టు వరండాలో చూస్తుంటాను. వారంటు వచ్చినవాడి వెనకాల భార్య, తల్లి, ఒక్కోసారి అత్తామామలు నిలబడి ఉంటారు. గాజులు తాకట్టు పెడతారు, లేదా వందకు అయిదు రూపాయల వడ్డీకి ఇంకోచోట తెస్తారు. అలా తెచ్చినచోట ఇంకో ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టివస్తారు. మీ బాకీ తీరింది, అప్పు తీరలేదు. సంతకం పెట్టింది ఒకరు, జైలు భయంతో కట్టింది సంతకంతో సంబంధం లేని నలుగురు. ఎగవేతదారుకు జైలంటే నిజంగా భయమని మీరు నమ్ముతున్నారు. భయపడేది పరువున్నవాడు. ఆరితేరినవాడు శిక్ష పడ్డా అప్పీలు చేస్తాడు, పరిహారంలో అయిదో వంతు డిపాజిట్ కట్టి శిక్ష ఆపించుకుంటాడు, దర్జాగా తిరుగుతాడు.

షావుకారు: మీరు అప్పు పడ్డవాడి ఇంటి గాజులే చూస్తున్నారు. ఆయన తీసుకెళ్లిన సరుకు కోసం నేను మాత్రం ఎక్కడినుంచి తెచ్చాననుకున్నారు? మా ఇంట్లో బంగారం కూడా బ్యాంకులోనే ఉంది. సీజనుకు ముందు పెట్టుబడి, సీజనయ్యాక వసూలు, మధ్యలో వడ్డీ నాది. పైగా చెక్కు పుచ్చుకునేవాడంటే షావుకారే అనుకోకండి. పల్నాడు నుంచి మిర్చి తెచ్చి గుంటూరులో అమ్ముకున్న రైతుకు వ్యాపారి చెక్కిస్తాడు. ఇల్లు కట్టిన మేస్త్రీకి యజమాని చెక్కిస్తాడు. చీటీ పాడుకోకుండా ఆఖరిదాకా కట్టినామెకు చీటీల కంపెనీవాడు చెక్కిస్తాడు. అవి బౌన్సయితే ఏడ్చేవాళ్లు వీళ్లే. ఆ రైతు కోర్టు ఫీజు కట్టి, వకీలును పెట్టుకుని, ఎన్నేళ్లు దావా నడపగలడు? ఆ చెక్కు వెనకున్న జైలు శిక్షే ఆయన్ని ఆ వ్యాపారితో సమానంగా కూర్చోబెడుతోంది. దాన్ని తీసేస్తే మేలెవరికి?

వకీలు: మీ మాటల్లో నేను దీటుగా జవాబు చెప్పలేనిది ఇదే. మేస్త్రీ కూలి ఎగ్గొట్టిన యజమానికి, పంట పోయిన కౌలురైతుకు ఒకే సెక్షను. జైలు తీసేస్తే యజమాని నవ్వుకుంటాడు, ఉంచితే కౌలురైతు చితికిపోతాడు. కానీ ఆ మేస్త్రీ చేతికి వచ్చే చెక్కులెన్ని, అప్పిచ్చేవాడు ముందే రాయించుకునే చెక్కులెన్ని? ఇవాళ చెక్కు చాలాచోట్ల చెల్లింపు కోసం రాయడం లేదు, జామీను కోసం రాయించుకుంటున్నారు. తేదీ ఉండదు, అంకె ఉండదు, కింద సంతకం మాత్రం ఉంటుంది. 2015 డిసెంబరులో విజయవాడలో వడ్డీవ్యాపారుల కాల్ మనీ వ్యవహారం బయటపడినప్పుడు పోలీసు సోదాల్లో దొరికినవేమిటి? ప్రామిసరీ నోట్లు, ఖాళీ చెక్కులు. రేపు కోర్టులో ఆ చెక్కు చూస్తే సంతకం ఒక సిరాలో, అంకెలు ఇంకో సిరాలో, దస్తూరీ ఇంకొకరిది. అయినా 139వ సెక్షను కింద అది బాకీ కోసమే ఇచ్చిందని కోర్టు అనుకోవాలి. కాదని చూపించుకునే బరువు ముద్దాయిది. తెలిసి ఇచ్చిన ఖాళీ చెక్కును పుచ్చుకున్నవాడు నింపుకున్నా చెల్లుతుందని 2019లో బీర్ సింగ్ కేసులో సుప్రీం కోర్టు అనేసింది.

షావుకారు: సుప్రీం కోర్టు రెండోవైపు చెప్పినవి కూడా చెప్పండి. అదే 2019లో బసలింగప్ప కేసులో, అంత అప్పిచ్చే స్తోమతు నీకెక్కడిదని ముద్దాయి అడిగినప్పుడు ఫిర్యాది చూపించుకోవాల్సిందేనంది. 2022లో ఇంకో మాట చెప్పింది. కొంత బాకీ తీర్చాక కూడా ఆ సంగతి చెక్కు మీద రాయకుండా పూర్తి మొత్తానికి బ్యాంకులో వేస్తే 138 వర్తించదంది. కాలదోషం పట్టిన బాకీకీ వర్తించదని వాదించొచ్చు. ముద్దాయి బలంగా తేల్చి చెప్పక్కర్లేదు, అనుమానం కలిగేలా చూపిస్తే చాలు, బరువు మళ్లీ నా మీదికే వస్తుంది. అలాంటప్పుడు వడ్డీవ్యాపారి చేసే దౌర్జన్యానికి సెక్షన్ని తప్పుపట్టడం దేనికి? దౌర్జన్యం చేసినవాడి మీద కేసు పెట్టండి.

వకీలు: ఆ వాదనలన్నీ గెలవాలంటే క్రాస్‌లో ఫిర్యాదిని నిలదీయగల వకీలు కావాలి. ఇరవై వేలు దాటి నగదు ఎలా ఇచ్చారు, ఆదాయపు పన్ను లెక్కల్లో చూపించారా, డబ్బు ఎవరి ముందు ఇచ్చారు అని వరసగా అడగాలి. వాయిదాకు కూలి పోగొట్టుకుని వచ్చేవాడు అంతదాకా నిలబడడు, రెండో వాయిదాకే రాజీకొస్తాడు. సరే, మిమ్మల్ని ఒకటి అడుగుతాను. డీలర్‌షిప్ తీసుకున్నప్పుడు కంపెనీవాళ్లకు మీరేమిచ్చారు?

షావుకారు: ...డిపాజిట్ ఇచ్చాను.

వకీలు: దాంతోపాటు?

షావుకారు: సంతకం పెట్టిన చెక్కులు కూడా ఇచ్చాను. అందరూ ఇస్తారు. ఇవ్వకపోతే సరుకు రాదు.

వకీలు: తేదీ వేసిచ్చారా?

షావుకారు: లేదు, ఖాళీగానే. మీరెక్కడికి లాక్కెళుతున్నారో తెలుస్తూనే ఉంది. ఒప్పుకుంటాను. ఒక ఏడాది వానలు ఎదురుతిరిగి, ఊళ్లో బాకీలన్నీ ఆగిపోతే, ఆ చెక్కులు కంపెనీవాడు నింపుకోవచ్చు. అప్పుడు నేనూ ముద్దాయినే, నా చేతిలో లేని కారణానికి. ఆ భయం నాకు లేదని చెప్పను. కానీ ఇంకోటి కూడా చూడండి. ఆ చెక్కులున్నాయి కనకే కంపెనీ నాకు సరుకు అరువిస్తోంది. తాకట్టు పెట్టడానికి పెద్ద ఆస్తి లేనివాడికి ఆ సంతకమే పూచీ. దాని వెనక జైలు లేదనుకోండి, కంపెనీ ఇంటి కాగితాలు అడుగుతుంది. ఇల్లున్నవాడికే వ్యాపారం, లేనివాడికి లేదు. 2020లో కేంద్ర ఆర్థిక శాఖ 138ని నేరాల జాబితా నుంచి తీసేద్దామా అని అడిగినప్పుడు మా వర్తక సంఘాలు వద్దన్నది అందుకే. 2023లో జన్ విశ్వాస్ చట్టం తెచ్చి 42 చట్టాల్లో 183 నిబంధనలను సవరించారు, 138 జోలికి మాత్రం వెళ్లలేదు. వెళ్లకపోవడంలో అర్థముంది.

వకీలు: నేను సెక్షన్నే పీకేయమనడం లేదు. డబ్బు దెబ్బ ఉంచండి, కావాలంటే గట్టిగా కొట్టండి. రెట్టింపు జరిమానా ఉండనివ్వండి. 2018లో 143ఏ తెచ్చి, కేసు నడుస్తుండగానే చెక్కు మొత్తంలో 20 శాతం దాకా ఫిర్యాదికి ఇప్పించే వీలు కల్పించారు. అయితే అది తప్పనిసరి కాదని, కేసు బలం, ముద్దాయి ఇబ్బంది చూసి ఇవ్వాలని 2024లో సుప్రీం కోర్టు చెప్పింది. నేను కోరేది అదే పద్ధతి, మనిషిని చూసి వేయడం. జైలు మాత్రం ఉండి ఎగ్గొట్టినవాడికే అని తేల్చాక వేయండి. సివిల్ కోర్టుకు పనికొచ్చిన గీత క్రిమినల్ కోర్టుకు పనికిరాదా?

షావుకారు: పనికొస్తుంది, కానీ ఆయన దగ్గర ఉందని నిరూపించాల్సింది మళ్లీ నేనేగా? భార్య పేర ఇల్లు, బావమరిది పేర పొలం. మీ గీత దగ్గరే సివిల్ కోర్టు ఆగిపోయింది, ఇప్పుడు దాన్ని ఇక్కడికీ తెస్తానంటున్నారు. జైలు లేని జరిమానా ఎవరు వసూలు చేస్తారు? అదీ ఒక డిక్రీ కాగితంలా బీరువాలో పడుంటుంది. ఈ ఒక్క విషయంలో చట్టం మాకు బాగానే సాయం చేసింది. శిక్ష అనుభవించి వచ్చినా పరిహారం బాకీ మాఫీ కాదని 2017లో సుప్రీం కోర్టు చెప్పింది. అంటే జైలు బాకీకి బదులు కాదు, కట్టించడానికే.

వకీలు: అయితే లేదని నిరూపించే బరువు ఆయన మీదే పెడదాం. ఆస్తుల వివరాలు, గడిచిన కొన్నేళ్ల బదిలీలు ప్రమాణ పత్రం మీద కోర్టుకివ్వాలి. అబద్ధం చెబితే దానికి జైలు. నిజంగా లేదని తేలినవాడికి వాయిదాల్లో కట్టుకునే వీలు. మీకు ఇందులో ఏం నష్టం?

షావుకారు: ఇది వినడానికి బాగుంది. నిజంగా లేనివాణ్ని జైల్లో పెట్టి నాకు ఒరిగేదేమీ లేదని ఒప్పుకుంటాను. కానీ ఆ ప్రమాణ పత్రం నిజమో కాదో చూసేదెవరు? ఇప్పటికే లక్షల కేసుల కింద నలిగిపోతున్న మేజిస్ట్రేట్లేనా? ముందు ఈపీలు ఏడాదిలో తేలేలా చేయండి, కోర్టు అమీను వెళ్లి అడిగితే రిజిస్ట్రారాఫీసు, బ్యాంకు ఆస్తుల వివరాలు ఇచ్చేలా చేయండి. డిక్రీకి డబ్బు పలికిన రోజున, జైలు తీసేయమని నేనే అర్జీ మీద సంతకం పెడతాను.

వకీలు: మనం విడిపోయేది ఇక్కడే. డిక్రీకి ముందు విలువ రావాలి, తర్వాత జైలు పోవాలి అంటారు మీరు. నా అనుభవంలో జైలు ఉన్నంతకాలం డిక్రీ సంగతి ఎవరికీ పట్టదు. వర్తక సంఘాలకు అడగాల్సిన అవసరం లేదు, బ్యాంకులకు లేదు, ఫీజులొచ్చే మాకూ లేదు. అడ్డదారి దగ్గరగా ఉన్నప్పుడు రోడ్డు వేయమని ఎవరు ధర్నా చేస్తారు?

షావుకారు: రోడ్డు వేయకుండా అడ్డదారికి కంచె కడితే, మధ్యలో చిక్కుకునేది ఆ మిర్చి రైతూ, ఆ మేస్త్రీ. వాళ్లను అక్కడ వదిలేసి సంస్కరణ వచ్చేదాకా ఆగమని మీరు చెప్పగలరా?

వకీలు: చెప్పలేను. అదే కాలంలో కౌలురైతును వారంటుకు అప్పగించి, సంస్కరణ వచ్చాక విడిపిస్తామని మీరు చెప్పగలరా?

షావుకారు: నేనూ చెప్పలేను. కానీ ఇద్దరిలో ఎవర్ని ఆపుతారని అడిగితే, సంతకం పెట్టినవాణ్నే ఆపమంటాను. సరుకిచ్చినవాడు ఏ కాగితం మీదా మాట తప్పలేదు.

వకీలు: సంతకం ఏ పరిస్థితిలో పెట్టించారో చూశాకే ఆపమంటాను నేను. మీ కంపెనీ దగ్గరున్న మీ చెక్కులకు కూడా అదే వర్తిస్తుంది.